మూడో వరస

“ఆ చేతులేంటమ్మా, పసరు పూసినట్టు! కడుక్కునొచ్చి వడ్డించు” అంది అత్తయ్య.

పసరు కాదు, రంగు. పొద్దుట్నుంచీ మా ఆయన గీసిన అడవికి ఆకులు వేస్తున్నాను. సబ్బు పెట్టి ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి పోదు. ఆ చేతులతోనే వడ్డించాను. ఆయన చేతులు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. పెన్సిల్‌తో గీసి, నల్ల సిరాతో దిద్ది, పేజీ నా బల్ల మీద పడేసి లేస్తాడు. నా బల్లంటే ఇస్త్రీ బల్లే. బట్టలు తీస్తే నాది, పెడితే ఇంటిది.

మా ఆయన ఆదివారం పేపర్లో బొమ్మల కథ వేస్తాడు. ఓ డిటెక్టివు, వాడి కుంటి కుక్క, వారానికో హత్య. పదకొండేళ్లుగా ఆ డిటెక్టివు కోటు గోధుమరంగులో ఉందంటే ఆ రంగు కలిపింది నేను. పెళ్లయిన కొత్తలో “ఈ ఒక్క పేజీకీ కాస్త సాయం పట్టు, నీ చెయ్యి బావుంటుంది” అన్నాడు. పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని. ఆర్ట్ కాలేజీలో ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆ ఒక్క పేజీ ఇంకా అవలేదు.

పోయినేడాది లైబ్రరీలో ఓ మూల బీరువా తెరిచాను. ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేసిన ఫ్రెంచి పుస్తకాలట, ఎవరూ ముట్టుకోరు. తీసి చూద్దును కదా, బొమ్మల కథలు! పళ్లెమంతేసి పుస్తకాలు, గట్టి అట్టలు. అక్కడే నేలమీద చతికిలబడ్డాను. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా చదివేశాను. ఒకావిడ వానలో బస్సు కోసం నిలబడుతుంది. అంతే, రెండు పేజీలు, మాటల్లేవు. మొదటి గడిలో వాన బూడిదరంగు. బస్సు రాదు. ఒక్కో గడికీ ఆ బూడిదలో పిసరంత ఊదా కలుస్తూ వచ్చి, ఆఖరికి ఆవిడ మొహమంతా ఊదా. ఆవిడకి ఏడుపొస్తోందని ఎవరూ చెప్పలేదు, రంగు చెప్పింది. ఓరి నాయనో, ఇలా కూడా చెయ్యొచ్చా! నీడంటే నలుపు, రాత్రంటే నీలం అనుకుంటూ ఇన్నేళ్లు వేశానే!

లైబ్రరీ ఆవిడకి ఫ్రెంచి వచ్చు. నా అవతారం చూసి నవ్వి, తనూ పక్కన కూర్చుంది. మొదటి పేజీలో పేర్లు చూపిస్తూ “ఇది కథ రాసినాయన. ఇది బొమ్మలు వేసినాయన. ఈ మూడోది రంగులు వేసినావిడ” అంది.

“రంగులకి వేరే పేరా?”

“ఆఁ. ఈ బొమ్మలాయన భార్యేనట, వెనకాల రాశారు.”

ఇంకో పుస్తకం లాగాను. అందులోనూ రంగులకి పేరుంది. కొన్నిట్లో లేదు. లేనిది చేతికొస్తే ఒళ్లు మండిపోయేది, ఇదెవత్తో నాలాంటిదే అని.

అక్కణ్ణుంచి పట్టింది పిచ్చి. వారానికి మూడు పుస్తకాలు మోసుకొచ్చేదాన్ని. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య రెండు పేజీలు. ఎవరి గీత కావాలని వణుకుతుందో, ఎవరు ఆకాశాన్ని ఖాళీగా వదిలేస్తారో, పేర్లకి నోరు తిరక్కపోయినా చూడగానే గుర్తుపట్టేదాన్ని. ఎవరికైనా చెప్పుకోవాలని ఒకటే దురద. మా ఆయనకి చూపిస్తే ఫోన్లోంచి తలెత్తకుండా “భాష రాకుండా ఏం చదువుతావు? అయినా పిల్లల పుస్తకాలు” అన్నాడు. మరి తను గీసేదేమిటట? “కూరలో ఉప్పు మర్చిపోతున్నావంటే ఇందుకా?” అంది అత్తయ్య.

ఇక ఎవరితోనూ చెప్పలేదు, పని మీదే చూపించాను. డిటెక్టివు భయపడిన చోట గోడలకి పసుపు ఎక్కించాను. “ఇదేంటి, గదికి కామెర్లొచ్చాయా?” అన్నాడు మా ఆయన. మళ్లీ వేసే టైం లేక అలాగే పంపాడు. నెల తిరిగేసరికి ఉత్తరాలే ఉత్తరాలు. మీ రంగులు చూసి ఒళ్లు జలదరించింది సార్ అని. సార్! ఆ ఊపులో ఓ పబ్లిషర్ ఫోన్ చేసి, మంచి కథలు ఏరి పుస్తకం వేస్తానన్నాడు. పాత పేజీలకి కూడా కొత్త రంగులు కావాలట. నూట పన్నెండు పేజీలు. నడుం విరిగింది గానీ, నిజం చెప్పొద్దూ, ఇష్టంగానే వేస్తూ వచ్చాను. నాకున్నది ఒకటే కోరిక. ఆ పుస్తకం మొదటి పేజీలో మూడో వరస. రంగులు అని, పక్కన నా పేరు.

ఈలోగా ఓ పత్రిక అమ్మాయి ఇంటికొచ్చింది మా ఆయన్ని ఇంటర్వ్యూ చెయ్యడానికి. నేను టీ పట్టుకెళ్లేసరికి నా వాన పుస్తకం ఆయన ఒళ్లో ఉంది. “ఓ రోజు లైబ్రరీలో బీరువా తెరిచానండీ, నా దశ తిరిగిపోయింది” అంటున్నాడు. కప్పు బల్ల మీద పెట్టాను. “రంగుల్లో నాకు గురువంటే ఈయనే” అని ఆ మూడో పేరు మీద వేలు పెట్టాడు.

“ఈయన కాదు, ఈవిడ” అన్నాను.

“చూశారా, మా ఆవిడకి ఫ్రెంచి కూడా వచ్చేసింది!” అని నవ్వాడు. ఆ అమ్మాయీ నవ్వి, “మీరూ బొమ్మలు వేస్తారా అండీ?” అంది. “కాలేజీలో నాకంటే బాగా వేసేది” అన్నాడు. వేసేదిట! నిన్న సాయంత్రం ఆయన హంతకుడి మొహానికి రంగేసిన దాన్ని.

ఆ అమ్మాయి వెళ్లాక సిగ్గు విడిచి అడిగాను. “పుస్తకంలో రంగులకి ఓ వరస పెట్టించు. నా పేరుతో.”

“దానికేం భాగ్యం, పెట్టిద్దాంలే” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో!

పోయినవారం మొదటి పేజీ నమూనా వచ్చింది. కథ, బొమ్మలు, రంగులు, మూడు వరసలూ ఉన్నాయి. మూడింటికీ ఆయన పేరే. కింద చిన్న అక్షరాల్లో “నన్ను ఓపిగ్గా భరించిన నా అర్ధాంగికి” అని అంకితం. అందులోనూ పేరు లేదు.

“మరి నేను?” అన్నాను.

“చెప్పి చూశాను. ఇద్దరి పేర్లయితే గజిబిజిగా ఉంటుందన్నాడు పబ్లిషర్. అంకితం ఇచ్చాగా, ఇంకేం కావాలి?”

“మొగుడి పేరొస్తే నీ పేరొచ్చినట్టు కాదూ” అంది అత్తయ్య.

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. నూట పన్నెండులో ఇంకా పదహారు పేజీలు మిగిలి ఉన్నాయి. ఆ పదహారూ, రంగుల పెట్టే, బ్రష్షులూ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. “రంగులు నువ్వేనని అచ్చయిందిగా. వెయ్యి మరి.”

జోకులొద్దన్నాడు. బతిమాలాడు. మొండిదానివన్నాడు. మూడు రోజులు కుస్తీ పట్టి ఒక్క పేజీ వేశాడు, అదీ బురద బురదగా. నాలుగోరోజు పొద్దున్న ఆయన స్నానంలో ఉండగా ఫోన్ మోగింది. పబ్లిషర్.

“పేజీల కోసం ప్రెస్సు ఆపుకుని కూర్చున్నామమ్మా. సార్‌కి ఒంట్లో బాలేదా?”

“బానే ఉన్నారు. రంగులేసే మనిషి మానేసింది.”

“అదేంటమ్మా! రంగులు కూడా నేనే వేస్తానని సారే చెప్పారు. ఇంకెవరో ఉన్నట్టు మాకెప్పుడూ అనలేదే!”

నేను బాత్‌రూమ్ తలుపు వైపు చూశాను. లోపల ఆయన కూనిరాగం తీస్తున్నాడు.

“ఇంతకీ ఎవరమ్మా ఆవిడ? పేరేంటి?”

“రాసుకోండి” అని, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను.