బనీను మీద పన్నెండు ముక్కలు

నేను ఒక బనీనును. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే బనీనులో వీపు ముక్కను. ముందు ముక్క ఏమైందో తెలియదు. ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా ఒక మనిషి అడ్డం ఉండేవాడు.

తిరుప్పూరులో పుట్టి, తెనాలిలో ఒక గుమాస్తా ఒంటి మీద మూడేళ్ళు ఉద్యోగం చేశాను. ఎండాకాలం నన్ను తిట్టుకునేవాడు, చలికాలం నేనున్నట్టే గుర్తుండేది కాదు. చంక దగ్గర చిరగగానే వాళ్ళావిడ నన్ను పాతబట్టలవాడికి వేసేసింది. ఆయన ఆ పూటే కొత్త బనీను తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. నాకేమీ కోపం రాలేదని చెప్పను.

అలా గోనెసంచిలో విజయవాడ ఆటోనగర్ చేరి, మెకానిక్కు బాజీ చేతిలో పడ్డాను. అతనిది టర్బోల పని. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతాన నెట్టే చిన్న రెక్కల చక్రం. బాజీ చేతులు ఏ గుడ్డతోనైనా తుడుచుకుంటాడు గానీ పైపుల్లోకి మాత్రం తెల్ల బనీనునే పంపుతాడు. లోహపు రజను తెలుపు మీద దాక్కోలేదట. జీవితంలో మొదటిసారి నా రంగు ఒకరికి పనికొచ్చింది.

ఒక బుధవారం పొద్దున అవనిగడ్డ నుంచి పిచ్చేశ్వరరావు తన కారును ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాడు. కృష్ణ కరకట్ట రోడ్డు మీద టర్బో పోయిందట. విప్పి చూస్తే చక్రానికి రెండు రెక్కలు లేవు. అవి ఏమయ్యాయని పిచ్చేశ్వరరావు అడగలేదు. కొత్త టర్బో బిగించి సాయంత్రానికల్లా బండి ఇమ్మన్నాడు. మర్నాడు వాళ్ళావిడ నాంచారమ్మకు డయాలిసిస్. వారానికి మూడుసార్లు ఆమెను బెజవాడ తీసుకురావడానికే ఆ కారు కొన్నాడు. బస్సెక్కితే ఆమెకు దారి పొడుగునా వాంతులే.

బాజీ ఓపిగ్గా చెప్పాడు. విరిగిన రెక్కలు గాలితోపాటు ఇంజను వైపే పోయాయి. మధ్యలో ఇంటర్‌కూలరని ఒక పెట్టె ఉంది, సన్నటి సందుల్లోంచి గాలిని పంపి చల్లబరుస్తుంది. ముక్కలు అక్కడే ఇరుక్కుని ఉంటే మన అదృష్టం. వాటిని తియ్యకుండా కొత్త టర్బో పెడితే, అదే వాటిని ఊది ఇంజనులో పోస్తుంది. పిచ్చేశ్వరరావు అంతా విని, ఆ పెట్టెలోకి గట్టిగా గాలి కొట్టి బండి ఇచ్చెయ్యమన్నాడు.

బాజీ గాలి కొట్టాడు. తీగకు నన్ను చుట్టి లోపలికి పంపాడు. కాస్త నూనె తప్ప మరేమీ లేకుండా బయటికొచ్చాను. పిచ్చేశ్వరరావు నన్ను చూసి మురిసిపోయి అందరికీ టీలు చెప్పాడు. నన్ను అంత ప్రేమగా ఎవరూ చూడలేదు కనక నేనూ పొంగిపోయాను. బాజీ మాత్రం టీ ముట్టుకోకుండా పెట్టె విప్పి, కిరసనాయిలు నింపి, బాగా కుదిపి, నా మీద వడపోశాడు. ఒళ్ళంతా తళతళలాడాను. అందులో నేను గర్వపడాల్సిందేమీ లేదు.

బాజీ నన్ను బల్ల మీద పరిచి, దొరికిన ముక్కల్ని విరిగిన చక్రం పక్కన ఒక్కొక్కటే అతికినట్టు పేర్చాడు. పదకొండు. రెండో రెక్క చివర బియ్యపు గింజంత ఖాళీ మిగిలింది.

"ఇంకోటుందన్నా. ఈ పెట్టెలో ఉందో, ఇంజనులోకే పోయిందో చెప్పలేను. బిగించమంటే ఇప్పుడే బిగిస్తా. వదినను ఎక్కించుకుని కరకట్ట మీద ఎక్కడ ఆగిపోతావో నువ్వే చెప్పు."

పిచ్చేశ్వరరావు ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత ఇంటికి ఫోను చేసి, నాంచారమ్మను రేపు చెల్లెల్ని తోడు తీసుకుని బస్సులో రమ్మన్నాడు. ఆమె అటునుంచి అడిగింది ఒక్కటే కాబోలు, తిన్నానని అబద్ధం చెప్పాడు.

ఇంకో మూడుసార్లు వడపోసినా ఏమీ రాలేదు. గురువారం పొద్దున, కొత్త పెట్టె తెప్పించమని, పాతదాన్ని కోసెయ్యమని పిచ్చేశ్వరరావే అన్నాడు. కోశారు. చిట్టచివరి సందులో ఉంది, అడ్డంగా ఇరుక్కుని. బాజీ దాన్ని పట్టకారుతో లాగి నా మీద ఆ ఖాళీలో పెడితే సరిగ్గా కూర్చుంది. ఇంజనులోకి ఏమీ పోలేదు. సంతోషించే ఓపిక ఇద్దరిలో ఎవరికీ మిగల్లేదు.

కొత్త పెట్టె, టర్బో బిగించడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చిన ఆటోలోంచి నాంచారమ్మ దిగింది. చేతికి పట్టీ, మొహంలో నెత్తురు చుక్క లేదు. చెల్లెలు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. నాంచారమ్మ నా మీదికి వంగి పన్నెండు ముక్కల్నీ తీరుబడిగా చూసింది.

"ఏవయ్యా, నా ఒంట్లో రక్తమంతా నాలుగ్గంటల్లో కడిగేశారు. నీ కారుకి రెండు రోజులు పట్టిందా?"

పిచ్చేశ్వరరావు నవ్వబోతే కన్నీళ్ళొచ్చాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని బల్ల మీద తడిమితే నేను దొరికాను. ముక్కలన్నీ కింద పడ్డాయి. బాజీ ఒక్క అంగలో వచ్చి నన్ను లాగేసుకున్నాడు.

"దాంతో వద్దన్నా. రజను కళ్ళలో గుచ్చుకుంటుంది." భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

ఎన్నో తుడిచాను. ఒక మనిషి కళ్ళు తుడవాల్సిన సమయానికి మాత్రం నా ఒంటి నిండా ముళ్ళున్నాయి. నాకు చాలా బాధేసింది. నన్ను పాతగుడ్డల డ్రమ్ములో పడేశారు. కారు స్టార్టయిన చప్పుడు అక్కడి నుంచే విన్నాను. ఇంజను మెత్తగా నడిచింది.