కాటా దగ్గర గంగుబాయి ఆట

గంగుబాయికి తన పేరంటే అస్సలు పడేది కాదు. నాయనమ్మ పోయిన ఏడాదే పుట్టిందని ముచ్చటపడి పెట్టిన ఆవిడ పేరు. బళ్లో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు నడుం వంచి, కర్ర పట్టుకున్నట్టు నటిస్తూ దగ్గేవారు. అందుకే నిజామాబాద్‌లో ముత్తన్న మాస్టారి నాట్య బృందంలో చేరిన రోజే, "నా పేరు స్వప్న అని చెప్పుండ్రి సార్," అని బతిమాలింది. మాస్టారు గొంతు సవరించుకుని, లేని మైకు నోటి దగ్గర పెట్టుకుని, "మిస్ స్వప్నా..." అని దీర్ఘం తీసి చూశాడు. బాగానే ఉందనిపించింది. అలా ఆమె రెండు పేర్ల మనిషైంది.

రెండు పేర్లే కాదు, రెండు బతుకులు కూడా. నవీపేట్ పక్క పల్లెలో చెరకు వేసే తండ్రి రాజనర్సు లెక్కలో ఆమె పట్నంలో కుట్టుపని నేర్చుకుంటోంది. పదో తరగతి అయ్యాక ఆయనే తీసుకొచ్చి, చెల్లెలు వసంతమ్మ ఇంట్లో దింపి వెళ్లాడు. వసంతమ్మ బీడీలు చుడుతుంది. మధ్యాహ్నాలు రేడియోలో పాట రాగానే మేనకోడలు చేతిలో పని వదిలేసి గడప మీంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గడప మీదికి ఎగురుతుంటే, వసంతమ్మ ఆకు కత్తిరించడం మరిచిపోయి చూస్తుండేది. ఒకరోజు చాట పక్కన పెట్టి లేచింది.

"ఇవి మిషను తొక్కే కాళ్లు గావే. నడువు," అని తానే చేయి పట్టుకుని ముత్తన్న మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది.

మరి అన్నకేం చెప్పాలి? వసంతమ్మ బుర్ర ఇలాంటివాటిలో పాదరసం. ఖలీల్ దర్జీ దగ్గర మంచి గళ్ల చొక్కా ఒకటి కుట్టించి, "నీ బిడ్డ కుట్టింది అన్నా," అని పంపించింది. రాజనర్సు పొంగిపోయాడు. పెళ్లయినా, పంచాయితీ అయినా అదే చొక్కా. కనబడిన వాళ్లకల్లా కాలరు ఎత్తి చూపించేవాడు. "సూడు, దారం సుత కనవడది!"

తొంభై రెండు జనవరిలో బృందానికి బోధన్ అవతల ఒక చక్కెర ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. అప్పటిదాకా గంగుబాయి వినాయక మండపాల్లో, గుంపులో వెనక వరసలో ఆడింది. ఈసారి ముందు వరస. మాస్టారు తేల్చి చెప్పాడు: "గీ పోగ్రాం మంచిగ జేస్తే ఇగ నువ్వే మా మెయిన్ డాన్సర్‌వి. ఏడాదంత పని ఉంటది. ఆలోచించుకో, ఇది ఆషామాషీ గాదు. బతుకుదెరువు."

బతుకుదెరువు! డాన్సు! ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలబడగలవని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. ఇంటికి వెళ్లేదాకా కాళ్లు నేల మీద ఆనలేదు.

క్లబ్బులో అలంకరణకు గది లేదన్నారని బృందమంతా నిజామాబాద్‌లోనే ముస్తాబై వ్యాను ఎక్కారు. చెమ్కీల లంగా, మోచేతుల దాకా గాజులు, చెంపలకు గులాబీరంగు, కళ్లకు చెవుల దాకా కాటుక. అద్దంలో చూసుకుంటే గంగుబాయికే తానెవరో తెలియలేదు. బోధన్ దాటారో లేదో వ్యాను ఆగిపోయింది. ముందు చెరకు బండ్లు, వెనక చెరకు బండ్లు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు. ఫ్యాక్టరీలో గానుగ మర ఏదో మొరాయించిందట, చెరకు తూచే కాటా మూసేశారట. బండ్లన్నీ రోడ్డు మీదే.

ఎండ వాలుతోంది. ముత్తన్న మాస్టారు వ్యాను చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. లోపల కూర్చోలేక గంగుబాయి కిందికి దిగింది. కాళ్లకు గజ్జెలున్నాయన్న సంగతి మరిచింది. ఘల్లుమనగానే పక్క బండి ఎద్దు చెవులు రిక్కించింది. ఎద్దు తర్వాత మనుషులు తలలు తిప్పారు. చెరకు మోపుల మీద బోర్లా పడుకున్న ఒక ముసలి రైతు లేచి కూర్చున్నాడు.

"ఓ బిడ్డా! ఆటోళ్లా మీరు? జర ఒక్క ఆట ఆడరాదు. నిన్నటి సంది గీడనే పడున్నం. ఎడ్ల మొకాలు సూసి సూసి పానం యాష్టకొచ్చింది."

"పోగ్రాం క్లబ్బుల తాతా, రోడ్డు మీద గాదు," అన్నాడు మాస్టారు.

ఆయన ఆ మాట పూర్తి చేసేసరికి గంగుబాయి పక్కనే ఆగి ఉన్న ఖాళీ ట్రాక్టరు ట్రాలీ ఎక్కేసింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. అన్ని కళ్లు ఒక్కసారి తనవైపు తిరిగేసరికి ఒళ్లు జల్లుమంది, కాళ్లు వాటంతటవే ఎక్కాయి. ఇనుప అడుగున గజ్జె కాలు ఒక్కసారి దెబ్బ వేసింది. ధన్! వేదిక దొరికింది.

మాస్టారు తల కొట్టుకుని, వ్యానులోని బ్యాటరీకి టేపు రికార్డరు తగిలించాడు. పాట మొదలైంది.

ఇక చూడాలి! గంగుబాయి తిరుగుతుంటే లంగా గొడుగులా విచ్చుకుంది. ట్రాలీ ఈ చివరి నుంచి ఆ చివరికి గెంతితే ఇనుము మోగింది. బండ్ల మీంచి, లారీల నెత్తి మీంచి, చెరకు గుట్టల మీంచి జనం. మరాఠ్వాడ నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన ఆడవాళ్లు కొడవళ్లు నడుముల్లో దోపుకుని పరుగున వచ్చారు. ఈలలు. వాటిలో ఒక ఈల వేరు. రెండు వేళ్లు నోట్లో పెట్టి కొట్టిన పొడవాటి ఈల, గాలిపటం దారంలా ఎక్కడికో పోతోంది. ఆ ఈల వచ్చినప్పుడల్లా ఒక తువ్వాల కూడా గాల్లోకి లేస్తోంది. ఆ ఈలకు ఆమె మరింత ఎత్తు ఎగిరింది.

రెండో పాట మధ్యలో బ్యాటరీ నీరసించింది. టేపులో పాడే అమ్మాయి గొంతు మెల్లగా మగగొంతైంది, తర్వాత దున్నపోతు గొంతైంది. జనం పకపకమన్నారు. గంగుబాయి ఆగలేదు. పాట ఎంత సాగితే అంత సాగింది. నడుం వంచింది, లేని కర్ర పట్టుకుంది, బళ్లో పిల్లలు తనను వెక్కిరించినట్టే దగ్గుతూ, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ ట్రాలీ అంతా నడిచింది. ముసలి రైతు నవ్వి నవ్వి చెరకు మీంచి జారి, కింద ఉన్నవాళ్ల చేతుల్లో పడ్డాడు. టేపు 'గుర్ర్' మని ఆగిపోయింది.

ఆగితే ఏం? బండ్లవాళ్లు ట్రాలీ రేకు మీద చేతులతో దరువందుకున్నారు. కాసె పోసి చీర కట్టిన ఒక మరాఠీ ఆమె "ఆణఖీ ఏక్!" అని, ఇంకొక్కటి కావాలని అరుస్తూ పైకెక్కేసింది. నడుం మీద చేయి పెట్టి, భుజం విసిరి, తమ ఊరి అడుగొకటి వేసి చూపించింది. గంగుబాయి వేసింది. తప్పింది. ఆమె నవ్వి, మోకాలి మీద చరిచి మళ్లీ చూపించింది. ఈసారి కుదిరింది. ఇద్దరూ ఎదురెదురుగా అదే అడుగు వేస్తుంటే రోడ్డంతా ఊగిపోయింది.

అప్పుడే ఫ్యాక్టరీ కూత కూసింది. మర బాగైంది, కాటా తెరిచారు. ఒక్క బండీ కదల్లేదు. మళ్లీ కూసింది. అయినా కదల్లేదు. కాసేపటికి ఒక సూపర్‌వైజరు మోపెడ్ మీద రొప్పుతూ వచ్చాడు.

"ఏందయ్యా గిది! గానుగ ఖాళీగ తిరుగుతుంది! బండ్లు కదిలియ్యండ్రి!"

ముసలి రైతు వెనక్కి తిరగకుండానే చేయి ఊపాడు. "జర ఆగు సారూ. మేం నిన్నటి సంది ఆగలేదా? ఇగ గీ గడియసేపు మీరాగుండ్రి."

ఎవరో ఎక్కడో చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు ట్రాలీ వైపు చూసి, మోపెడ్‌కు స్టాండు వేశాడు.

చివరి తిప్పు తిరిగి గంగుబాయి రొప్పుతూ నిలబడింది. పొడవాటి ఈల మళ్లీ లేచింది. ఈలవాడిని చూద్దామని అటు తిరిగింది. బండి నొగల మీద నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, గళ్ల చొక్కాలో... ఈల సగంలో తెగిపోయింది.

"గంగూ?"

"బాపూ..."

దరువు ఆగింది. రాజనర్సు దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, ట్రాలీ అంచు పట్టుకుని కూతురి మొహంలోకి చూశాడు. చెమటకు కాటుక కారి, గులాబీరంగు సగం పోయి, అడుగున తన బిడ్డ మొహం తేలుతోంది.

"నువ్వు కుట్టుపని నేర్సుకుంటున్నవ్ గద?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి గీ అంగి ఎవలు కుట్టిండ్రే?"

"ఖలీల్ దర్జీ, బాపు."

రాజనర్సు చొక్కా వైపు చూసుకున్నాడు. "వారీ! ఊరంత కాలరెత్తి సూపిచ్చుకున్ననే!"

జనం గొల్లుమన్నారు. గంగుబాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముత్తన్న మాస్టారు సంగతి సర్దుదామని ముందుకొచ్చి, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు. "ఇప్పటిదాక మీ ముందు ఆడింది... మిస్ స్వప్నా!"

"ఎవల స్వప్న?" రాజనర్సు ట్రాలీ ఎక్కేశాడు. "సార్, నా మీద కోపమైతే నన్ను తిట్టుండ్రి, నా బిడ్డ పేరు మార్సకుండ్రి. ఇది గంగుబాయి! నన్ను గన్న మా అవ్వ పేరు. రాజనర్సు బిడ్డ!"

"గంగూబాయ్! ఆప్లీచ్ కీ!" అని మరాఠీ ఆడవాళ్లు కేరింతలు కొట్టారు, మనమ్మాయే అని. వాళ్లలో ఇద్దరు ముగ్గురు గంగుబాయిలు ఉండనే ఉన్నారు, ముందుకు తోసుకొచ్చి చేతులూపారు. బండి నుంచి బండికి ఆ పేరు రోడ్డు చివరి దాకా వెళ్లింది. పుట్టిన దగ్గర్నుంచి మోసిన పేరు మొదటిసారి ఆమె చెవికి కొత్త చెమ్కీలా మెరిసి వినబడింది.

సందడి కాస్త తగ్గాక రాజనర్సు గొంతు తగ్గించాడు. "బిడ్డా, నేను ఈల గొట్టింది నీకని నాకు తెల్వదు."

"తెలిస్తే కొట్టకపోదువా బాపు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. మీసం దువ్వుకున్నాడు. "ఇంక గట్టిగ గొడ్తుంటి," అన్నాడు. మళ్లీ మొహం గంభీరమైంది. "గని బిడ్డా, రేపు? గిది కడుపు నింపుతదా?"

"నింపుతది బాపు. నేను పనిలెక్కనే జేస్త, ఆటలెక్క గాదు. నింపకపోతే అప్పుడు మిషను కాడ కూసోబెట్టు."

"నువ్వు కుట్టిన అంగి ఎవలు తొడుగుతరే," అని ఆయన తువ్వాలతో ఆమె చెంప మీది కాటుక తుడిచాడు. "పో. మీ క్లబ్బోళ్లు సూస్తుంటరు. మీ అత్త సంగతి నేను తర్వాత జెప్త."

రాజనర్సే ముందు నడిచి, ఎడ్లను అదిలిస్తూ, "జరుగుండ్రి! నా బిడ్డ వ్యాను రావాలె!" అని అరుస్తూ దారి చేయించాడు. నిన్నటి నుంచి ఒక్క అంగుళం వదలని బండ్లు పక్కకు ఒరిగాయి. క్లబ్బులో కార్యక్రమం ఆలస్యంగా మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే సూపర్‌వైజరు ముందే వెళ్లి అంతా చెప్పేశాడు. కాళ్లు పీకుతున్నా గంగుబాయి ఒక్క అడుగూ తప్పలేదు, అప్పుడే నేర్చిన మరాఠీ అడుగు కూడా ఎక్కడో ఇరికించింది. మెట్లు దిగగానే ముత్తన్న మాస్టారు ఆమె చేయి పట్టుకుని ఊపేశాడు. ఏడాది పని ఖాయం.

ఆ తర్వాత గంగుబాయి చాలా ఏళ్లు ఆడింది. ఆర్మూర్‌లో, కామారెడ్డిలో, హైదరాబాదులో, చివరికి తన సొంత బృందంతో. కానీ బయటి రాష్ట్రపు తొలి పిలుపు మాత్రం ఆ మరాఠీ ఆడవాళ్ల ద్వారానే వచ్చింది, ఆ వేసవిలోనే, నాందేడ్ పక్కన వాళ్ల ఊరి జాతరకు. రాజనర్సు తానూ వస్తానని పట్టుబట్టి బస్సెక్కాడు. కండక్టరు టికెట్టు చింపుతూ, "ఏం పని మీద పోతున్నవమ్మా?" అని అడిగాడు.

"డాన్సర్‌ని. ఆడెతందుకు పోతున్న," అంది గంగుబాయి. ఆ మాట ఒక కొత్త మనిషితో అనడం అదే మొదలు. నోరు తియ్యగా అయింది.

వెనక సీట్లోవాళ్లు లేచి చూశారు. "అట్లయితే ఒక్క ఆట ఆడరాదు బిడ్డా! తొవ్వ పొడుగున్నది."

ఆమె కాలు కదిలింది కూడా. ఇంతలో రాజనర్సు పై కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"బస్సుల గాదు! రేపు పొద్దుమీకి జాతరల పోగ్రామున్నది. అందరు ముందుగాల్ల వచ్చి కూసోండ్రి. ఎనుకొస్తే జాగ దొరకది!"

బస్సు గతుకులో ఎగిరింది. రాజనర్సు పోయి కండక్టరు మీద పడ్డాడు. గంగుబాయి కిటికీ కడ్డీకి నుదురు ఆనించి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.