తెరిచి ఉంచిన మూడు వారాలు

ఆ ఆస్పత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూసే అతన్ని అందరూ వైర్లాయన అనేవాళ్ళు. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది అతని ఆఫీసు. సర్వర్ కూడా ఆ గదిలోనే ఉండేది. ల్యాబ్ నుంచి వార్డుల దాకా నలభై మూడు కంప్యూటర్లలో ఒకే ప్రోగ్రాం నడిచేది. ఎవరు ఏ రిపోర్టు రాసినా అది సర్వర్‌కి చేరాలి, ఎవరు చూడాలన్నా అక్కడినుంచే రావాలి.

రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చునేది అతని అక్క. పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు అతనికి ఆరేళ్ళు. అప్పటినుంచీ ముద్దలు కలిపి పెట్టిందీ, ఎక్కాలు వల్లె వేయించిందీ, వీపు మీద రెండు తగిలించిందీ ఆవిడే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వీణ్ణి పెంచేసరికే నా ఓపికంతా అయిపోయింది" అని నవ్వేసేది. ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ల నుంచి తోటమాలి దాకా అందరికీ ఆవిడ అక్కే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆ ప్రోగ్రాంలో ఒక లోపం ఉందని వైర్లాయన రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. కంప్యూటర్లకీ సర్వర్‌కీ మధ్య నడిచేదంతా ఉన్నదున్నట్టుగా, మామూలు అక్షరాల్లో పోతోంది. ఎన్‌క్రిప్షన్ పెట్టాలి, అంటే పంపినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప దారిలో ఎవరికీ అర్థం కాకుండా చెయ్యాలి. పాత సూపరింటెండెంట్ చూద్దాం లెమ్మనేవాడు. కొత్తగా వచ్చినాయన మాత్రం గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏదీ, నాకొకసారి చూపించండి."

వైర్లాయన తన లాప్‌టాప్‌ని మధ్యలో తగిలించాడు. తెర మీద వరసలు వరసలుగా రిపోర్టులు దిగసాగాయి.

"చూడండి సార్. వరండాలో ఏ గోడ దగ్గర వైరు తగిలించినా ఇంతే, అక్షరం పొల్లుపోకుండా చదువుకోవచ్చు. ఇదిగో, ఈ ఒక్కటి తీసుకోండి," అంటూ ఒక వరస మీద వేలు పెట్టాడు. "ఆడమనిషి, నలభై తొమ్మిదేళ్ళు, తెల్లకణాలు..."

ఆ పేరు అక్కది. తెల్లకణాల పక్కన ఉన్న అంకె, ఉండాల్సినదానికి పదింతలుంది.

అందరూ అక్కా అనే పిలుస్తారు గనక ఆ పేరు ఎవరిదో సూపరింటెండెంటుకి తట్టలేదు. "అన్యాయం కదండీ ఇది," అని లేచాడు. "వారంలో మూసెయ్యండి."

పని వైర్లాయన అయిదు రోజుల్లోనే పూర్తి చేశాడు. సర్వర్‌కి గుర్తింపు కార్డులాంటి సర్టిఫికెట్ చేయించాడు. నలభై మూడు కంప్యూటర్ల దగ్గరికీ వెళ్ళి, ఆ సర్టిఫికెట్ చూశాకే సర్వర్‌తో మాట కలిపేలా ఒక్కొక్కదాన్నీ సిద్ధం చేశాడు. ఇక మిగిలింది సర్వర్‌లో ఒకే ఒక్క సెట్టింగ్. దాన్ని మార్చేస్తే తెరిచి మాట్లాడటం అక్కడితో ఆగిపోతుంది.

అతను మార్చలేదు.

అక్క చెప్పలేదు మరి. ఆదివారం ఆవిడ ఇంటికెళ్తే ఎప్పటిలాగే కబుర్లాడింది, చొక్కా బొత్తం ఊడిందని కుట్టిపెట్టింది. మోచేతి దగ్గర సూది గుచ్చిన నల్లమచ్చ కనపడకుండా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. ఆవిడ చెప్పనిది తెలుసుకోవడానికి అతనికి ఆ దారి ఒక్కటే కనిపించింది.

"కొన్ని పాత కంప్యూటర్లు మొరాయిస్తున్నాయి సార్, ఇంకో వారం," అన్నాడు సూపరింటెండెంటుతో. ఆ వారం అయ్యాక మరో వారం అడిగాడు.

రోజూ పదకొండింటికి ల్యాబ్ రిపోర్టులు బయల్దేరే వేళకి తలుపు గడియ పెట్టుకుని తెర ముందు కూర్చునేవాడు. అక్క ఒక్కదాని కోసమే వెతికినా చుట్టూ ఉన్నవాళ్ళూ కంటబడేవాళ్ళు. టీ పోసే అతనికి షుగరు నాలుగొందలుంది. అతను తన గ్లాసులో మూడో చెంచా చక్కెర వేసుకుంటుంటే, వద్దని చెప్పలేక వైర్లాయన మొహం తిప్పుకున్నాడు. దుప్పట్లు ఉతికే ఆవిడ కూతురి సంగతి తెలిశాక ఆవిడ ఎదురొస్తే పక్క వరండాలోకి మళ్ళేవాడు.

రెండో వారంలో అక్క ఎముక మూలుగు రిపోర్టు వచ్చింది. జబ్బు పేరు అందులో విడమరిచి రాసుంది. ఆ సాయంత్రం బత్తాయిలు పట్టుకుని ఇంటికెళ్ళాడు.

"ఏంట్రా, వారంలో ఇది మూడోసారి? మీ ఇంట్లో పొయ్యి వెలగట్లేదా?"

"ఊరికే వచ్చానక్కా."

"వచ్చే నెల సెలవు పెడుతున్నాలే. స్నేహితురాలి దగ్గర నాలుగు వారాలుండి వస్తా. గాలి మార్పు."

వార్డులో మంచం ఏ తారీఖున రాశారో అతను అప్పటికే చదివాడు. "వెళ్ళిరా అక్కా," అన్నాడు, బత్తాయి తొక్క తీస్తూ.

మూడో వారం, మంగళవారం. వార్డులో చేరేలోపు వాడమని ఇచ్చిన మాత్రలు ఏమాత్రం పనిచెయ్యలేదని ల్యాబ్ నుంచి రెండు వరసలు వచ్చాయి. డాక్టరింకా అవి చూసి ఉండడు. వైర్లాయన లేచి, ఎందుకో తెలియకుండానే కౌంటర్ వైపు నడిచాడు.

అద్దం అవతల అక్క ఒక ముసలాయన వయసు రాసుకుంటోంది. "డెబ్భై ఎనిమిదా? మరి పోయినసారి డెబ్భై అన్నారేం తాతగారూ, అప్పుడెవరైనా పెళ్ళికూతురు చూడ్డానికొచ్చిందా?" అంటోంది. ముసలాయనా, వెనక వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. అక్క కూడా పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆవిడ ప్రాణం సంగతి ఆవిడకన్నా ముందు తనకి తెలుసు. ఆవిడకి రావాల్సిన ఉత్తరం దారిలో కాజేసి జేబులో పెట్టుకుని, ఎదురుగా నిలబడి ఆవిడ నవ్వు చూస్తున్నాడు.

వెనక్కి వెళ్ళి సెట్టింగ్ మార్చాడు. కంప్యూటర్లు ఒక్క క్షణం తెగి, ఒక్కొక్కటే మళ్ళీ కలిశాయి. లాప్‌టాప్ తెర మీద ఇప్పుడు పడుతున్నవి తలాతోకా లేని గుర్తులు. వైరు పీకేసి టేబుల్ మీద తల వాల్చాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం చూస్తే డాక్టర్ చెప్పేశాడని తెలుస్తోంది.

"అక్కా, నాకు తెలుసు," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ అతని వైపు తిరిగింది.

"అన్నీ చదివావా?"

"చదివాను."

"ఎముకలదీ?"

తల ఊపాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఆ కౌంటర్లో ఉన్నాన్రా. జబ్బు పేరు గట్టిగా చెప్పకండి, చీటీ మీద రాసివ్వండి చాలు అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. నీకెలా చెప్పాలా అని రోజూ అద్దం ముందు నిలబడి మాటలు కూర్చుకుంటున్నా. ఏడవకుండా ఒక్కసారైనా చివరిదాకా చెప్పగలిగితే, ఆ రోజు నిన్ను పిలుద్దామనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "అది కూడా నాకు మిగల్చలేదు కదరా."

"నువ్వు చెప్పకపోతే నాకెలా..."

"అడగాల్సింది. నీ నోరేమైంది?"

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆవిడ అతనితో మాట్లాడలేదు. పదో రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "సంచీ బరువుగా ఉంది. వార్డుదాకా రా," అంది. అంతే.

ఆవిడ నాలుగు నెలలు బతికింది. అతను సర్వర్ ముందు కూర్చుని ఆవిడ వివరాలు ఇంకెప్పుడూ వెతకలేదు. వార్డుకి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, "ఇవాళ ఏమన్నారక్కా?" అని నోటితో అడిగేవాడు. కొన్నాళ్ళు నిజమే చెప్పేది. చివరి వారాల్లో పెదవులు ఎండిపోయి, మాట కూడదీసుకుంటూ, "కొంచెం నయమట రా," అనేది.

"మంచిది అక్కా," అనేవాడు. ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ అలాగే చెప్పేది, అతను అలాగే వినేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం, జుట్టు ఊడిన ఆవిడ తలకి అతను తడిగుడ్డ అద్దుతుండగా పోయింది. ల్యాబ్ డాక్టరమ్మ దగ్గరికొచ్చి, మెల్లగా, "చివరి రిపోర్టులు చూస్తారా?" అని అడిగింది.

"వద్దమ్మా. నాకు చెప్పాల్సింది అక్క చెప్పింది," అన్నాడు.

సెలవు అయిపోయాక పనిలోకి వచ్చి, గదిలో లైటు వేసుకోకుండా కూర్చున్నాడు. కాసేపటికి ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆవిడ తలుపు తోసింది. తెర మీద ఏదో వచ్చి ఆగిపోయిందనీ, బయట జనం నిలబడి ఉన్నారనీ చెప్పబోయి, అతని మొహం చూసి ఆగింది.

"పోనీ, రేపు చూద్దురుగాని," అంది.

"లేదమ్మా, పదండి," అని లేచి, ఆవిడ వెంట మెట్లెక్కాడు.