తొంభై ఏడు శాతం ఆత్రం

గిరీష్ తెలివి మీద గిరీష్‌కు ఉన్నంత నమ్మకం బెంగళూరు వైట్‌ఫీల్డ్ మొత్తంలో ఇంకెవరికీ లేదు. పెళ్ళి సంబంధాల యాప్ తయారుచేసే కంపెనీలో కోడ్ రాస్తాడు. అందరికీ జోడీలు వెతికిపెట్టే ఆ కోడ్ రాసినవాడికి మాత్రం ముప్పై నాలుగు దాటినా జోడీ దొరకలేదు. పక్క సీట్లో టెస్టింగ్ చేసే మేఘన అంటే ప్రాణం. ఇద్దరివీ పాత బెంగళూరు తెలుగు ఇళ్ళే, అడ్డం చెప్పేవాళ్ళు కూడా లేరు. ఆమెకు చెప్పడం ఒక్కటే మిగిలింది. మూడేళ్ళుగా అదొక్కటే మిగిలి ఉంది.

యాప్ కోడ్‌లో ‘వరుడు’ అనే క్లాస్ ఉంది, అంటే ప్రతి పెళ్ళికొడుకు వివరాలూ పోసే అచ్చు. పేరు, ఎత్తు, ఉద్యోగం దాని ప్రాపర్టీలు. కొత్తది చేర్చిన ప్రతిసారీ దాన్ని తెర మీద చూపించే కోడ్ కూడా చేత్తో రాయాలి. ఒళ్ళు వంచడం ఇష్టంలేని గిరీష్ రిఫ్లెక్షన్ పట్టుకున్నాడు. అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే క్లాస్‌ను నిలబెట్టి “నీ దగ్గర ఏమేం ఉన్నాయి?” అని అడిగి, చెప్పినవన్నీ తెర మీద పెట్టేయడం. కొన్ని ‘మేం ప్రైవేట్’ అని మొరాయిస్తే, వాటి తాళం తీసే లైను కూడా రాశాడు. తర్వాత తీసేద్దాం అనుకున్నాడు. అలా అనుకుని తీసేసిన ప్రోగ్రామర్ ఇంకా పుట్టలేదు.

డెమోకు అందరూ కూర్చున్నారు. మచ్చుకు ఒక వరుడు కావాలి. వాళ్ళమ్మ శాంతమ్మ ఎప్పుడో పెట్టించిన తన ప్రొఫైలే తీశాడు. అది జుట్టు బాగున్న కాలం నాటి ఫోటో, మేఘన చూస్తుందని చిన్న ఆశ.

పేరు వచ్చింది, ఎత్తు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. గిరీష్ చేతులు కట్టుకుని చప్పట్ల కోసం చూశాడు. కింద ఇంకో రెండు వరుసలు వచ్చాయి.

వదులుకున్న షరతులు: అన్నీ.
ఆత్రం: 97 శాతం.

ఎవరెంత తొందరలో ఉన్నారో కంపెనీ గుట్టుగా లెక్కగట్టే ప్రాపర్టీలవి. బయట ఎవరికీ కనిపించకూడదు. వాటిని రాసిన మహానుభావుడూ గిరీషే.

“సక్కత్ డెమో గిరీష్!” అని కన్నడంలో మెచ్చుకున్నాడు మేనేజర్ రాఘవేంద్ర, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ. “లోపల ఉండేదంతా బయటికి తీసింది.”

నేల చీలితే కింది అంతస్తు కంపెనీలో పడతాడు, అదీ నయమే అనిపించింది గిరీష్‌కు.

అందరూ వెళ్ళాక మేఘన దగ్గరికొచ్చింది.

“బగ్ వేస్తా ఉండాను అప్పా.”

“ప్రైవేట్‌వి కనిపిస్తా ఉండాయనే కదా? ఇప్పుడే తీసేస్తా.”

“అది కాదు. ఆ తొంభై ఏడు తప్పు. అంత ఆత్రం ఉండేవాడు మూడేండ్లు పక్కనే కూర్చోని ఒక్కనాడన్నా కాఫీకి పిలవకుండా ఉంటాడా?”

ఇంతకన్నా విడమరిచి ఏ ఆడపిల్లా చెప్పదు. గిరీష్ లేచి, ఆత్రాన్ని లెక్కగట్టే పద్ధతంతా మొదట్నుంచీ వివరించాడు. బోర్డు మీద బొమ్మ కూడా వేశాడు. మేఘన ఓపిగ్గా వింది.

“సరేప్పా, లెక్క సరిగ్గానే ఉండాది,” అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

మార్కర్ చేత్తో పట్టుకుని నిలబడ్డవాడికి అప్పుడు వెలిగింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. పరిగెత్తి, మూసుకుంటున్న లిఫ్ట్ తలుపుల మధ్య చెయ్యి పెట్టాడు.

“ఏమప్పా?” అంది మేఘన.

మాట గొంతు దాకా వచ్చింది. “ఏం లేదు, నేనూ కిందికే,” అన్నాడు.

మేఘన జరిగి చోటిచ్చింది. తలుపులు మూసుకున్నాక, అతని వైపు చూడకుండానే అడిగింది.

“కిందికి పోయి?”