వేలెడంత లింకు

గారె నూనెలో వేసి చెయ్యి తీసేలోపే మా మరిది వినోద్ వంటింట్లోకి దూరాడు. "వొదినా, నీ ఫోనుకి ఆళ్ళ కొట్టు పేజీ పంపాను. బేగి చిన్న లింకు సేసి పెట్టీ. నేనే సేస్తన్నానని సెప్పి లోపలికొచ్చాను."

ఆళ్ళంటే హాల్లో కూర్చున్న ధనరాజు గారి కుటుంబం. కొత్తవలసలో బట్టల కొట్టు. కూతురు భరణిని వినోద్‌కి ఇద్దామని ముగ్గురూ మా ఇల్లు చూసుకోడానికి వచ్చారు. కాఫీ తాగారో లేదో, మా ఆయన నగరేశ్వరరావు గొప్పలు మొదలెట్టారు. "మా నరసన్నపేటలో ముందుగా ఆన్‌లైన్ ఎక్కింది మా కొట్టే మావయ్యగారూ. ఫోటోలు, లింకులు, పోస్టర్లు అన్నీ మా వినోదే సూస్తాడు." "అయితే మా కొట్టు పేజీకీ ఓ చిన్న లింకు సేసి పెట్టు నాయనా" అన్నారు ధనరాజు గారు.

విన్నాను. కోపం కూడా రాలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

కొత్త చీరలు దిగగానే వాటి ఫోటోలు నా ఫోనుకి వస్తాయి. వెనకాల కనిపించే స్టూలు, బీరువా, ఎవరిదో మోచెయ్యి చెరపడానికి ఒక ఉచిత సైటు. పోస్టర్‌కి ఇంకొకటి. చీరల పేజీ అడ్రసు కొండవీటి చాంతాడంత ఉంటుంది, దాన్ని వేలెడంత చెయ్యడానికి మరొకటి. అన్నిటికీ నా మెయిలే. కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య ఈ పనులన్నీ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను. "సైట్లన్నీ ఫ్రీయే కదా, నీకేటి కష్టం?" అంటారు ఆయన. కాస్త ఆలస్యమైతే మాత్రం కొట్టులో మనుషుల ముందు స్పీకర్ పెట్టి, "ఇంట్లో కూసోని ఏటి సేస్తన్నావే?" అని అరుస్తారు. మా అత్తగారు బుజ్జమ్మ గారిది ఇంకో పాట. "ఎప్పుడు సూసినా ఆ ఫోనే! గోడకి బల్లిలాగ దానికే అతుక్కుపోతాది మా కోడలు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. ఒకసారి నేను చేసిన పోస్టర్ చూపించబోతే, "నాకెందుకమ్మా నీ ఆటలు" అని మొహం తిప్పుకున్నారు. ఆటలట!

ఈ సంబంధం మాట వచ్చినప్పుడు ఆయనే అన్నారు. "ఆ పిల్ల కంప్యూటర్లు సదివిందట. ఉద్యోగం మానిపించీసి ఇంట్లో ఉంచితే ఈ పనంతా సూసుకుంటాది. నీకూ సుఖం." నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చొచ్చనుకున్నాను. అందుకే పొద్దున్నే లేచి ఇంత పప్పు రుబ్బాను.

వినోద్ పక్క గదిలోకి తప్పుకున్నాడు. పిండి చెయ్యి చెంగుకి తుడుచుకుని సైటు తెరిచాను. లింకు తయారైంది. ఇంతలో "అక్కా, కాసిన్ని నీళ్ళు" అంటూ భరణి వచ్చింది. తాగుతూ తాగుతూ నా ఫోను వైపు చూసి ఆగిపోయింది.

"ఇది మా కొట్టు పేరు కదా?"

ఔనని తలూపాను. పిల్లకి అనుమానం కూడా రాలేదు. "మీరూ నేర్చుకుంటన్నారా అక్కా? నేను విశాఖలో ఒక కంపెనీకి ఇదే పని సేస్తన్నాను. పెళ్ళయ్యాక మానీమన్నారు. పోనీలే, మన కొట్టుకే సేసుకోవచ్చని ఒప్పుకున్నాను. కొట్టులో నాకో టేబులు ఏయిస్తానన్నారు వినోద్ గారు."

టేబులు! ఈ ఇంటి ఆడవాళ్ళు కొట్టు మెట్టెక్కేది దీపావళి లక్ష్మీపూజకే. నోరు మూసుకుంటే నా చాకిరీ తగ్గుతుంది, ఈ పిల్ల మీద పడుతుంది. నోరు విప్పితే సంబంధం చెడగొట్టానని బతికున్నన్నాళ్ళూ నన్ను దెప్పుతారు.

"అయిందా నాయనా?" అని హాల్లో ధనరాజు గారి గొంతు.

"ఐపోతన్నాది మావయ్యగారూ. సర్వర్ కాస్త నెమ్మదిగా ఉన్నాది" అన్నాడు వినోద్, పక్క గదిలోంచి హాల్లోకి వస్తూ.

పొయ్యి కట్టేశాను. ఫోను పట్టుకుని హాల్లోకి నడిచాను. వెనకే భరణి. గారెల పళ్ళెం ఏదని ఆయన నా చేతులవైపు చూశారు.

"బాబాయిగారూ, ఇదిగో మీ లింకు. సేసింది నేను. మా కొట్టువి కూడా అన్నీ నేనే సేస్తన్నాను, వంటింట్లో నిలబడి. నాకు టేబులూ లేదు, జీతమూ లేదు. పిల్ల సేత ఉద్యోగం మానిపించేముందు మీకు తెలవాలని సెప్తన్నాను."

"ఏటే ఇది, హైమా!" అన్నారు ఆయన. వినోద్ నేలచూపులు చూస్తున్నాడు.

"నాన్నా, నేను ఉద్యోగం మానను" అంది భరణి. తర్వాత నావైపు తిరిగింది. "మరి మీరక్కా? మీరింకా ఇలాగే సేస్తారా?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని మాట. నన్ను నేను కూడా ఎప్పుడూ అడగలేదు.

"లేదమ్మా. మానేశాను" అన్నాను. అన్నాకే తెలిసింది, మానేశానని.