చిన్నదైపోయిన కడియం

ఇంకొంచెం ఎర్రబడాలి, ఇప్పుడే తీస్తే వంగదు, అనుకుంటూ శేషుకుమారి పట్టకారుతో రాగి పట్టీని స్టవ్ మంట మీద అటూ ఇటూ తిప్పింది, ఇనుమైతే కాల్చి నీళ్ళలో ముంచగానే బిరుసెక్కుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది, ఈ సంగతి యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న రోజున తనే కనిపెట్టినంత సంబరంగా సూర్యప్రకాశ్‌ని ఆఫీసు నుంచి రాగానే వంటింట్లోకి లాక్కొచ్చి చూపించింది, మొగుడుగారు బూట్లు కూడా విప్పకుండా నిలబడి, బావుందోయ్ రాగి డాక్టరమ్మా, అని నవ్వాడు, ఆ పేరు బిల్డింగంతా పాకింది, మస్కట్‌లోని ఈ దార్సైట్ పేటలో ఏ తెలుగావిడకి మోకాలు పట్టేసినా రాగి కడియం కోసం ముందు ఈ గుమ్మమే తొక్కేది, ఇవాళ ఆ పేరు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

హాల్లో ఉదయశ్రీ కూర్చుని ఉంది, పై ఫ్లోర్ అమ్మాయి, లెక్కల టీచరు, ముప్ఫై నాలుగేళ్ళకే కీళ్ళవాతం, ఇందాక తలుపు తీయగానే చెయ్యి చాపి, అక్కా, ఇది చిన్నదైపోయింది, రావట్లేదు, ఇంకొంచెం పెద్దది చేసి పెట్టరా, అంది, మణికట్టు బూరెలా ఉబ్బిపోయి, తను చేసిన కడియం కండలోకి దిగబడి, వేళ్ళన్నీ ఒక పక్కకి వాలిపోయి, మార్కర్ పట్టుకోలేక రెండు వారాలుగా స్కూలుకే వెళ్ళడం లేదట, సబ్బు నురగ రాసినా రాకపోతే కట్టర్‌తో కోసి తీసింది, కోస్తున్నంతసేపూ ఆ పిల్ల పంటి బిగువున ఓర్చుకుంది గానీ ఒక్క మాట అనలేదు, నాలుగు తిట్టినా బావుండేది, పెద్దదైతే ఇంకా బాగా పనిచేస్తుంది కదక్కా, అని అడిగితే ఊ అంది, ఎందుకంది, నోరు పడిపోనూ, ఊ అనేసి వంటింట్లోకి పారిపోయి వచ్చి స్టవ్ వెలిగించింది.

కృష్ణాష్టమికి గుడి దగ్గర బల్ల వేసుకుని కడియాలు అమ్మిన రోజున ఈ పిల్లే అడిగింది, డాక్టరు మాత్రలు ఒక్క రోజు కూడా మానొద్దన్నారు, అవి మింగుతూ ఇది వేసుకోవచ్చా అక్కా, అని, పక్కన నలుగురు ఆడవాళ్ళు చెవులప్పగించి వింటున్నారు, రెండూ కలిస్తే రాగి ఒంటికి పట్టదమ్మా, మందుల వేడికి దాని గుణం పోతుంది, అని ఎంత ధీమాగా చెప్పింది, ఎవరు చెప్పారు తనకి, ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చింది అనేసింది, నలుగురూ తలలూపారు, ఈ పిల్ల ఆ రోజు నుంచే మాత్రలు మానేసింది, పెళ్ళయి మస్కట్ వచ్చిన పద్దెనిమిదేళ్ళలో తన మాట అలా విన్నవాళ్ళెవరు గనక, ఆ ఊపులో, మా అమ్మ పాతికేళ్ళు వేసుకుందమ్మా, అని కూడా అంది, అది నిజమే, పాతికేళ్ళూ వేసుకుంది, చివరికి అన్నం కలుపుకోవడానికి వేళ్ళు ముడవలేక గిన్నె ముందు కూర్చుని ఏడ్చేది, సెలవుకి వెళ్ళినప్పుడల్లా తనే ముద్దలు కలిపి పెట్టేది, పోయిన రోజున కడియం తీస్తే చర్మం మీద పచ్చటి గాడి, ఇందాక ఉదయశ్రీ చేతి మీదా అదే పచ్చ, అదే గాడి, నలుగురికీ చెప్పేటప్పుడు పాతికేళ్ళ దగ్గర ఆగిపోయింది, అన్నం గిన్నె దాకా వెళ్ళలేదు.

పట్టీ నీళ్ళలో పడి సుయ్యిమంది, తలెత్తితే ఉదయశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది, వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, పండక్కి కొత్త బట్ట కుట్టించుకుంటున్న చిన్నపిల్లలా చూస్తూ, మీ అమ్మగారికి ఎన్నాళ్ళకి తగ్గిందక్కా, అని అడిగింది, తగ్గలేదు, అంది శేషుకుమారి, అని తన గొంతు తనే విని బిత్తరపోయింది, తగ్గలేదమ్మా, పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళదాం, మా ఆయన్ని కారు తీయమంటాను, అంటూనే ఉంది, ఆ పిల్ల మొహం మెల్లగా మారుతోంది, మరి నాకెందుకలా చెప్పారక్కా, అంది, తెలియక చెప్పానమ్మా అనబోయింది, సూర్యప్రకాశ్‌కీ అదే చెప్పుకోవచ్చు, గుడి దగ్గరి ఆడవాళ్ళకీ అదే చెప్పుకోవచ్చు, అందరూ నమ్ముతారు, జాలి కూడా పడతారు, కానీ తను తెలియక చెప్పలేదు, తెలిసే చెప్పింది.