అందరికీ కనిపించిన మాట

నేను ఒక ఆన్‌లైన్ డాక్యుమెంటును. నాకు కాగితం లేదు, అట్ట లేదు, చెదలు పట్టే యోగమూ లేదు. పలాస దగ్గర ఒక హైస్కూలు లైబ్రరీలో సుగుణ మేడమ్ చేతుల మీదుగా పుట్టాను. పిల్లలకు తెలుగు చెప్పేదీ, లైబ్రరీ చూసుకునేదీ ఆవిడే. ‘మా ఇంటి పని’ అని పేరు పెట్టి, నా లింకు తొమ్మిదో తరగతి వాళ్ళందరికీ పంపారు. తలా ఒక పేజీ రాయాలి, ఒకరిది ఒకరు దిద్దుకోవాలి. అమ్మో, ఆ సందడి! ఒకడి వాక్యం మధ్యలోకి ఇంకొకడు దూరిపోయేవాడు. పెళ్ళివారిల్లులా ఉండేదాన్ని.

పైడితల్లి మాత్రం ఎవరి జోలికీ పోకుండా మూల కంప్యూటర్లో రాసుకునేది. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ‘మా అమ్మ జడేస్తే నా జుట్టుకి కూడా జీడి వాసనొస్తుంది’ అని రాసింది. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చెరిపి రాసిందో! నాకైతే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మేడమ్ దాన్ని ఇంట్లో ఫోన్లో చదివారు. మెచ్చుకుంటారనుకున్నాను. ఆ వాక్యం పక్కన హెడ్మాస్టరు గారి కోసం కామెంటు పెట్టారు: ‘ఇది ఈ పిల్ల సొంతం కాదండీ. ఎక్కడో చూసి ఎత్తి రాసింది.’ ఆయనొక్కరికే కనిపిస్తుందనుకున్నారు పాపం. అంత చదువుకున్నారు గానీ, లింకు ఉన్నవాళ్ళందరికీ కామెంటూ కనిపిస్తుందని తెలియదు. నోరుంటే చెప్పేదాన్ని. లేదు గనక, పైడితల్లి వాక్యానికి పసుపు రంగు పూసి, పక్కనే ఆ మాటను అందరికీ చూపించాను. ఛీ, ఏం బతుకు నాది!

మర్నాడు లైబ్రరీ పీరియడ్లో క్లాసంతా చదివింది. కొందరు కిసుక్కుమన్నారు. పైడితల్లి తన పేజీ మొత్తం చెరిపేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఖాళీ పేజీ చూసి మేడమ్ కంగారుగా వచ్చారు. “మీ కామెంటు అందరం సదివినాం. అదే రాసింది మేడమ్. నా పక్కనే కూకుని రాసింది” అంది స్నేహితురాలు దమయంతి. మేడమ్ ముఖం కందిపోయింది.

“తప్పు నాదేనమ్మా. నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా అనేశాను. మళ్ళీ రాయవా?” అన్నారు అందరి ముందూ. పైడితల్లి కంప్యూటరు వైపు తిరిగిపోయింది. మేడమ్ తలొంచుకుని వెళ్ళబోయారు.

“ఎల్లకండి మేడమ్. నా పక్కనే కూకోండి. నాను రాత్తుంటే చూడండి” అంది పైడితల్లి, కోపం లేకుండానే. “మళ్ళీ నాను రాయలేదంటారు.”

మేడమ్ కూర్చున్నారు. గంట కొట్టినా లేవలేదు. ఒక్కో అక్షరం వచ్చి పడుతుంటే చూడడానికి ఆవిడకూ, మోయడానికి నాకూ మొహం చెల్లలేదు.